ఇరవయ్యో వస్తువు దగ్గర తెలుస్తుంది

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 33 ఏళ్లు. సొంత ఊరు ధర్మవరం. ఫైన్ ఆర్ట్స్ చదివి, తొమ్మిదేళ్లుగా బెంగళూరులోని ఒక గేమ్ స్టూడియోలో పనిచేస్తున్నారు. విదేశీ కంపెనీల ఆటలకు కావలసిన వస్తువుల త్రీడీ నమూనాలు తయారుచేసి పంపడం ఆ స్టూడియో పని. పెట్టెలు, పీపాలు, జనరేటర్లు, కూలిన గోడలు ఆమె వంతుకు వస్తాయి. "గత ఏడాది ఒక్క యుద్ధం ఆటకే నలభై మూడు రకాల ఇసుక బస్తాలు చేశాను. తడిసినవి, చిరిగినవి, సగం ఒలికినవి. ఏ ఆటకు చేశానో బయట చెప్పకూడదు. మా పాపకు ఇది నేను చేశాను అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు" అని రాశారు.

సాయంత్రాలు ఇంట్లో కూర్చుని సొంతంగా మూడు ప్యాక్‌లు, అంటే వస్తువుల కట్టలు, చేసి ఆటలు తయారుచేసేవారు కొనుక్కునే యూనిటీ అసెట్ స్టోరులో అమ్మకానికి పెట్టారు. పాత సంత, గోదాము, రైల్వే యార్డు. ఒకప్పుడు నెలకు పదిహేను వేల దాకా వచ్చేది. ఇప్పుడు ఆరు వేలు దాటడం లేదు. మరోవైపు ఆఫీసులో లీడ్ (బృంద నాయకత్వం) పదవి ఇస్తామన్నారు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లో కొన్న ఫ్లాటుకు అప్పు కడుతున్నారు కాబట్టి ఒప్పుకోమని భర్త అంటున్నారు. అది కాకపోతే జీతం ఎక్కువ ఉండే టెక్నికల్ ఆర్టిస్టు పనికి మారమంటున్నారు. ఆమె మనసు మాత్రం కొత్త శైలి మీద ఉంది. చేతితో రంగులద్దే శైలా, చుక్కచుక్కగా బొమ్మ కట్టే పిక్సెల్ ఆర్టా అని ఊగిసలాడుతున్నారు. మన గుడుల మీద ప్యాక్ చేస్తే పోటీ ఉండదని స్నేహితులు చెబుతున్నారు.

ఉత్తరం చివర్లో ఈ మాటలున్నాయి: "నాన్న పట్టుచీరలకు డిజైన్లు గీసేవారు. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి నింపుతూ రాత్రి పదకొండు దాకా కూర్చునేవారు. ఒక గడి అంటే ఒక పోగు. ఆ కాగితం చూసి, మగ్గం మీద డిజైను నడిపే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. అంచు దగ్గర డిజైను కలవకపోతే మాత్రం ఇప్పటికీ నాన్నకే కబురు పెడతారు. ఆయన పని పోయినట్టే నా పనీ పోతుందని భయంగా ఉంది. ఇంకో పదేళ్లు నిలిచే శైలి ఏదో చెప్పండి."

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు శైలి గురించి అడుగుతున్నారనుకున్నాను. రెండోసారి చదివితే మూడు ప్రశ్నలు పెనవేసుకుని కనిపించాయి. ఇసుక బస్తాలతో విసిగిపోయారు, దానికేం చేయాలి? లీడ్ పదవి ఒప్పుకోవాలా? సొంత పని ఎటు తిరగాలి? వీటిలో గడువు ఉన్నది ఒక్క రెండోదానికే. ఆ గడువు తాలూకు తొందర మూడోదానికి అంటుకుంది. నెలాఖరులోగా జీవితాంతపు శైలి తేల్చుకోవాలన్నంత కంగారు మీ రాతలో ఉంది. శైలికి ఏ గడువూ లేదమ్మా. ముందు ఆ రెండు ముళ్లనూ విడదీయండి.

ఇక భయం సంగతి. అది ఉత్త భయమని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. 2019 నవంబరులో ఆటల సంస్థ ఎపిక్ క్విక్సెల్ అనే కంపెనీని కొని, వాళ్లు స్కాన్ చేసి పెట్టుకున్న రాళ్లు, దుంగలు, గోడలు, నేలలన్నిటినీ తన ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ వాడేవారికి 2024 చివరి దాకా ఉచితంగా ఇచ్చింది. నిజమైన రాయిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి చేసిన నమూనా అన్నేళ్లు ఊరికే దొరికాక, అచ్చం అలాంటి రాయినే చేత్తో చేసి అమ్మేవారికి గిరాకీ ఎలా నిలుస్తుంది? ఆ మీదట రెండు వాక్యాలు రాస్తే పీపా చేసి ఇచ్చే ఏఐ సాధనాలు వచ్చాయి. మీ పదిహేను వేలు ఆరు వేలు కావడానికి మీ చేతిలో లోపం కారణం కాదు. మీరు నిలబడిన చోట నేల కుంగింది. అచ్చం నిజంలా ఉండే పీపాల దగ్గరే ఉండిపోతే అది ఇంకా కుంగుతుందనే నేను అనుకుంటున్నాను.

ఏఐ చేసిన పీపాను మీ ఆఫీసులోనే ఎవరో ఒకరు తెచ్చి చూపించి ఉంటారు. దూరం నుంచి బాగానే ఉంటుంది. వైర్‌ఫ్రేమ్ (గీతల చట్రం) తెరిస్తే గీతలు పురికొస చిక్కులా ఉంటాయి. యూవీలు, అంటే రంగు అద్దడానికి నమూనా పైభాగాన్ని చదునుగా పరిచిన పటాలు, ముక్కముక్కలుగా చెదిరి ఉంటాయి. ఈ లోపాలు రేపో ఎల్లుండో తగ్గుతాయి కాబట్టి వాటిని నమ్ముకుని ఉండమని చెప్పను. నేను చూసే లోపం వేరే. రెండో పీపా అడిగితే అది మొదటిదానికి తోబుట్టువులా రాదు, పక్క ఊరి నుంచి వచ్చినట్టు వస్తుంది. ఇంకో సంగతీ ఉంది. ఆటలో ఏఐతో చేసిన సరుకు ఉంటే ఆ విషయం వెల్లడించాలని 2024 జనవరిలో ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నియమం పెట్టింది. అందుకని, కొంటున్న వస్తువు ఎవరి చేతిదో తెలుసుకోవాలనుకునే చిన్న బృందాలు ఉన్నాయి.

మీ నాన్నగారి కథను మీరు భయానికి ఉదాహరణగా రాశారు. నాకు అందులో ఇంకొకటి కనిపించింది. గళ్లు నింపే పనిని కంప్యూటర్ తీసుకుంది. అంచు ఎందుకు కలవలేదో కనిపెట్టే పనికి మాత్రం కబురు ఆయనకే వస్తోంది. ఆ కబురుతో ఇల్లు గడుస్తుందా అంటే, ఆ లెక్క మీ ఉత్తరంలో లేదు. నేను గడుస్తుందని అనను. ఏ భాగం పోయింది, ఏ భాగం నిలిచింది అన్నది మాత్రం మీ ఇంట్లోనే మీ కళ్ల ముందే జరిగింది. మీ పనికి కూడా అదే కొలత పెట్టి చూడండి.

మన పనిలో నిలిచే భాగం ఏదని అడిగితే, పదహారేళ్లు ఇదే పని చేసిన మనిషిగా నేను చెప్పేది ఇది. చిత్రకారుడికి ఒక్క బొమ్మ చాలు. మనకు చాలదు. ఒక అందమైన లాంతరు చాలామంది చేయగలరు. ఆట తయారుచేసేవాళ్లు లాంతరొక్కటే కొనరు. గోడ, గోడ మూల, తలుపు, మెట్టు, చూరు, బిందె, తాడు, ఇవన్నీ ఒకే ఇంట్లోవి అనిపించాలి. కర్ర అంచు ఎంత గుండ్రంగా ఉండాలి, అరుగుదల ఎక్కడ పడాలి, నీడలోకి ఏ రంగు దిగాలి అనే నియమాలు అరవై వస్తువుల్లోనూ ఒకేలా నడవాలి. ఆ నియమాలే మన శైలి. కొత్త దారి వెతుక్కోవడమంటే అరవై వస్తువుల దాకా మీరు విసుగు లేకుండా పాటించగల నియమాలు వెతుక్కోవడం.

మొదటి వస్తువు ఏ శైలిలోనైనా హుషారుగా వస్తుంది. అయిదోది వచ్చేసరికి చేయి కుదురుతుంది. ఇరవయ్యోదానికి సింహాసనాలూ లాంతర్లూ అయిపోయి చీపురూ చెత్తబుట్టా మిగులుతాయి. రాత్రి పది గంటలకు, పాప పడుకున్నాక, ఆ చీపురు చేయడానికి మీకు చేయి ఆడుతుందా? ఆడితే ఆ శైలిలో మీరు పదేళ్లు ఉండగలరు. బజారు మాట తర్వాత చూద్దాం. బజారు రెండేళ్లకోసారి మారుతుంది.

మీరు రాసిన దారులను ఆ కొలతతోనే చూస్తాను.

చేతితో రంగులద్దే శైలిలో వెలుగునీడలు వస్తువు మీద చుట్టే టెక్స్చర్ బొమ్మలోనే ఉంటాయి. లోహం మెరుపునూ కర్ర గరుకుదనాన్నీ ఆటను నడిపే ఇంజిన్ లెక్కకట్టి చూపించదు, మీ కుంచె చూపించాలి. ఫైన్ ఆర్ట్స్ చదివినవారు కాబట్టి పునాది ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, తొమ్మిదేళ్లు నిజాన్ని నకలు తీసిన చేతికి వదిలేయడం రాదు. ప్రతి గీతా, ప్రతి తుప్పు మచ్చా పెట్టాలనిపిస్తుంది. మొదటి కొన్ని నెలలు మీ కొత్త పని మీ పాత పని కంటే నాసిగా కనిపిస్తుంది. ఆ దశలో చాలామంది తమకు రాదనుకుని వెనక్కి పోతారు. నిజానికి అది కళ్లు ముందు నడిచి చేయి వెనకబడిన దశ. ఈ శైలిలో వస్తువుకు పట్టే సమయం ఎక్కువ, ప్యాక్ ఆలస్యంగా పూర్తవుతుంది. మంత్రగాళ్ల పల్లెల ప్యాక్‌లు బజారులో ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. అదే శైలిలో కిరాణా కొట్టో, రైలు పెట్టెలోపలి భాగమో చేసినవారు తక్కువ.

పిక్సెల్ ఆర్ట్ గురించి మీరు రెండు వాక్యాలే రాసి, చీర గ్రాఫు కాగితం గురించి సగం పేజీ రాశారు. ఆ రెండూ ఒకటేనని మీకు తట్టలేదేమో. 1989లో వచ్చిన గేమ్ బాయ్ అనే చేతి ఆటయంత్రం తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144, రంగులంటే నాలుగు ఛాయలు. అంతలోనే చెట్టూ ఇల్లూ మనిషీ గుర్తుపట్టేలా ఉండాలి. మీ నాన్నగారు చేసిందీ అదే. ఇన్ని పోగుల్లో నెమలి కనిపించాలి, మళ్లీ మళ్లీ వచ్చే డిజైను ముక్క, అంటే ఒక యూనిట్, చివరి పోగు తర్వాతి యూనిట్ మొదటి పోగుతో అతుకు తెలియకుండా కలవాలి. మనం 16 చుక్కల పలకను (పేర్చి నేలా గోడా చేసే చిన్న బొమ్మను) నాలుగు వైపులా పేర్చి అతుకు కోసం వెతుకుతామే, అదే పని. ఆయన దగ్గర నేర్చుకోవలసింది నెమలీ హంసా కాకపోవచ్చు, ఆ గడి లెక్క కావచ్చు. ఒక పాత గ్రాఫు కాగితం అడిగి తెచ్చుకుని, ఒక యూనిట్‌ను గడికి గడి కంప్యూటర్‌లో దించి చూడండి.

ఈ దారిలో చిక్కులూ ఉన్నాయి. ధరలు తక్కువ. కొనేవారు పలకలతో పాటు నడిచే మనిషినీ ఎగిరే పిట్టనూ అడుగుతారు, అంటే యానిమేషన్ నేర్చుకోవాలి. తొమ్మిదేళ్ల త్రీడీ అనుభవం చాలావరకు పక్కన పడుతుంది. లాభం కూడా చిన్నది కాదు. ఒక సాయంత్రం కూర్చుంటే ఒక పలక పూర్తవుతుంది. ఉద్యోగం, పిల్ల, ఇంటి పని మధ్య ఏదో ఒకటి పూర్తి చేశానన్న తృప్తి ఎంత బలమిస్తుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

గుడుల ప్యాక్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. చాలా ఏళ్ల కిందట నేను మన పెరడు అనే ఊహతో ఒక చిన్న ప్యాక్ చేశాను. బావి, గిలక, రుబ్బురోలు, తులసి కోట. తులసి కోట మీద పసుపు ఎక్కడ చెరిగి ఉండాలో మా అమ్మమ్మ ఇంటి ఫొటో చూసి మరీ వేశాను. రెండేళ్ల తర్వాత ఒక భయానక ఆట వీడియోలో అది కనిపించింది. శ్మశానంలో, రక్తం మరకలతో. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. కానీ ఆ ఆట చేసినవాళ్లు నియమం ఏదీ తప్పలేదు. డబ్బు తీసుకుని వాడుకునే హక్కు ఇచ్చింది నేనే. ఎక్కడ పెడతారో, ఎలా పగలగొడతారో అడిగే హక్కు అమ్మిన రోజే పోయింది.

అందుకే గోపురం చేయబోయే ముందు ఒక్కసారి ఆలోచించండి. కాల్పుల ఆటలో అది కూలుతుంటే మీరు చూడగలరా? చూడగలనంటే నిశ్చింతగా చేయండి. లేదంటే దేవుడికి సంబంధం లేని వస్తువులు బోలెడున్నాయి. పుణె బృందం చేసిన 'రాజీ' ఆట 2020లో వచ్చింది. పహాడీ చిత్రాల నుంచి స్ఫూర్తి తీసుకున్నారు, కథ చెప్పే ఘట్టాలను తోలుబొమ్మల నీడల్లా చూపించారు. అక్కడ ఆ రూపాలు ఒక కథ కోసం, ఆ కథ తెలిసినవారి చేతిలో ఉన్నాయి. ప్యాక్‌గా అమ్మినప్పుడు ఆ కాపలా ఉండదు. మన సంస్కృతి మీద ప్రేమ ఉంటే, అమ్మడం కంటే అలాంటి చిన్న బృందంతో కలిసి పనిచేయడం మీకు నచ్చవచ్చు. జీతం మాత్రం అక్కడ నిలకడగా ఉండకపోవచ్చు.

పోటీ ఉండదన్న కారణంతో మాత్రం గుడి దగ్గరికి వెళ్లకండి. ఇరవయ్యో స్తంభం దగ్గర ఆ కారణం నిలవదు. చూడటానికి వెళ్లాలనుకుంటే అది వేరే మాట. మీరు ధర్మవరం వెళ్లే రైలు హిందూపురం మీదుగానే పోతుంది. అక్కడ దిగితే లేపాక్షి 15 కిలోమీటర్లు. లతా మండపం స్తంభాల ముందు గంటసేపు కూర్చోండి. ఒక్కో స్తంభం మీద ఒక్కో లత, ఒక్కో ముగ్గు. వాటిని చూసే చీరల అంచులు గీసుకుంటారని మీ ఊరివారికి తెలిసే ఉంటుంది. నేను అక్కడ చూసింది వేరే: 16వ శతాబ్దపు శిల్పి ఒక చిన్న రూపాన్ని తీసుకుని, తిప్పి, ప్రతిబింబించి, స్తంభం పొడవునా నడిపించాడు. ఒకే అంచుపట్టీని చాలాచోట్ల అతికించి వాడుకునే, మనం ట్రిమ్ షీట్ అని పిలుచుకునే ఉపాయమే. ఆ పద్ధతిని మీరు రైలు పెట్టెకైనా వాడుకోవచ్చు.

టెక్నికల్ ఆర్టిస్టు పని గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది, అది కూడా మీ భర్త మాట. వెలుగు, రంగు తెర మీద ఎలా కనిపించాలో చెప్పే షేడర్ ప్రోగ్రాములు రాయడం, తోటివారి పని సులువు చేసే పనిముట్లు కట్టడం గొప్ప పనే, దానికి డిమాండూ ఉంది. మీకు దాని మీద ఒక్క ప్రశ్న కూడా పుట్టకపోతే బలవంతంగా అటు వెళ్లకండి.

ఇప్పుడు లీడ్ పదవి. ఒప్పుకుంటే రోజంతా ఇతరుల పని చూడటం, తప్పులు గుర్తించడం, అవతలి దేశం నుంచి వచ్చే వ్యాఖ్యలకు జవాబివ్వడం ఉంటుంది. సొంతంగా నమూనాలు చేయడం (మోడలింగ్) తగ్గుతుంది. ఇది నష్టమని మీరు ముందే తేల్చేసుకున్నారు. నేను చూసినవారిలో రెండు రకాలూ ఉన్నారు. కొందరికి పగలు చేయి ఖాళీగా ఉండటంతో సాయంత్రం బొమ్మ చేయాలన్న ఆకలి పెరిగింది. ఇంకొందరు సమావేశాలతో అలిసిపోయి ఇంట్లో త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తెరవడమే మానేశారు. మీరు ఏ రకమో తొమ్మిదేళ్ల మీ సాయంత్రాలే చెప్పాలి: ఎనిమిది గంటలు బస్తాలు చేసిన రోజు ఇంట్లో ఎక్కువ చేశారా, ఆఫీసులో చేతి పని తక్కువగా ఉన్న రోజా?

ఒప్పుకోకపోతే ఉన్నచోటే ఉంటూ, యుద్ధం ఆటల బృందం నుంచి కార్టూన్ తరహా ఆటలు చేసే బృందానికి మార్చమని అడగవచ్చు. పదవి ఇస్తామంటున్న సమయమే మీ మాటకు విలువ ఉన్న సమయం. ఒప్పుకునేటట్టయినా, వారానికి ఒక రోజు సొంతంగా మోడలింగ్ చేసే పని నాకు ఉంచండి అని అడిగి రాతలో తీసుకోండి. ఉద్యోగం మానేసి ప్యాక్‌ల మీదే బతికే దారి కూడా ఉంది. ఆరు వేల రాబడి మీద, ఇంటి అప్పు నడుస్తుండగా, ఇప్పుడు ఆ దారి పట్టమని నేను అనలేను. ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టగలిగిన రోజున మళ్లీ ఆలోచించండి.

మీ భర్త మాటల్లో నాకు విరోధం కనిపించలేదు, భయం కనిపించింది. ఆయన అప్పు లెక్క చెబుతున్నారు, మీరు మనసు లెక్క చెబుతున్నారు. "నాకు సంతృప్తి లేదు" అంటే ఆయన ఏం చేయగలరు? "ఆరు వారాలు, వారానికి మూడు సాయంత్రాలు, ఎనిమిది నుంచి పది దాకా పాపను మీరు చూసుకోండి" అంటే ఆయనకు చేతిలో పట్టుకోవడానికి ఒక పని దొరుకుతుంది.

ఆ ఆరు వారాలకు ఒక గది ఎంచుకోండి. నాకు మీ ఇంటి మగ్గం గది తోచింది. గుంట మగ్గం, అటూ ఇటూ పోగు మోసే నాడె, నూలు చుట్టిన కండెలు, రాట్నం, పై నుంచి వేలాడే జకార్డు అట్టల దండ, గోడకు క్యాలెండరు, కూజా, మూల చీపురు. ఇరవై వస్తువులు అక్కడే ఉన్నాయి. వేరే గదైనా సరే, మీకు కళ్లు మూసుకున్నా కనిపించేదైతే చాలు. నాడె ఒక్కటీ రెండు శైలుల్లోనూ చేసి చూడండి. చేయి ఎటు మొగ్గితే అటు మిగతా పంతొమ్మిదీ చేయండి. పన్నెండోదాని దగ్గర ఆగిపోతే అదీ ఒక జవాబే, రెండో శైలికి మారండి. ఈలోగా పాత ప్యాక్‌లను 2024 అక్టోబరులో మొదలైన ఎపిక్ వారి దుకాణం ఫ్యాబ్‌లో కూడా పెట్టండి. యూనిటీ స్టోరులో అమ్మకంలో 70 శాతం మీకు వస్తుంది, ఫ్యాబ్‌లో 88 శాతం. దీనితో కష్టాలు తీరవు, కానీ చేసిన పనికి ఇంకో తలుపు తెరుచుకుంటుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీ నియామక పత్రం తీసి చదవండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. బస్తాలు మీవి కావు. ఇంట్లో, మీ కంప్యూటర్ మీద, మీ సమయంలో చేసిన మగ్గం గది మామూలుగా మీదే. కొన్ని కంపెనీలు మాత్రం ఉద్యోగంలో ఉన్నంతకాలం చేసిన ఏ బొమ్మయినా తమదేనని ఒక పేరా చేరుస్తాయి. ఆఫీసు కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును కూడా ఇంటి పనికి వాడకండి, బ్లెండర్ ఉచితమే కదా. లీడ్ పదవికి కొత్త పత్రం ఇస్తారు కాబట్టి, అలాంటి పేరా ఉంటే మార్పించుకోవడానికి ఇదే సమయం. సంతకం పెట్టే ముందు తెలిసిన న్యాయవాదికి చూపించండి. అర్థంకాని వాక్యం ఉంటే కంపెనీ పేరు కొట్టేసి ఆ పేరా ఒక్కటీ నాకు పంపండి. నెలాఖరుకు ముందే చూసి రాస్తాను.